పళ్ళతో వినడం

గ్యుమ్రీ ఊళ్ళో మార్చి అంటే వసంతం కాదు,
చలికి రెండో పెళ్ళి.
షెడ్డు రేకు మీద మంచు మధ్యాహ్నానికి కరిగి
ఒక్కో చుక్కా గురిచూసి మా మెడల్లోకి దిగేది.
లోపల బానెట్ ఎత్తుకుని నాన్న పాత జిగులీ,
పళ్ళ డాక్టరు ముందు నోరు తెరిచిన ముసలమ్మలా.

నా పని లైటు పట్టుకోవడం.
"అక్కడ కాదు. ఇక్కడ.
నా కళ్ళలో కాదు, నజెలీ, బోల్టు మీద."
తొమ్మిదేళ్ళ పిల్లకేం తెలుసు బోల్టు ఎక్కడుందో?
ఆయన వేళ్ళు ఎటు పోతే వెలుగు అటు పోవాలి.
అంతే చదువు.

నాన్న రాళ్ళు కోసేవాడు.
ఊళ్ళో నల్లరాతి ఇళ్ళు సగం
మా వరజ్‌దాత్ రంపం కింద పుట్టినవేనని అమ్మ గొప్ప.
సగం కాదు, పదకొండు, అని నాన్న లెక్క.
అన్ని ఇళ్ళకి రాయి కోసిన రంపం
చివరికి ఆయన చెవినే ఇల్లు కట్టుకుంది.
ముందు ఎడమ చెవి. రెండేళ్ళకి కుడి.
కెటిల్ ఈల పోయింది, తలుపు చప్పుడు పోయింది,
నేను పిలిస్తే వెనక్కి తిరగడం పోయింది.

ఇంజను మాత్రం పోలేదు.

మూలన ఒక ఆప్రికాట్ కర్ర ఉండేది, మూరెడు పొడుగు,
విరిగిన నిచ్చెన మెట్టు.
ఒక కొస ఇంజను మీద ఆనించి
రెండో కొస పళ్ళ మధ్య బిగించి
కళ్ళు మూసుకునేవాడు.
దవడలోంచి పుర్రెలోకి ఎక్కేదట చప్పుడు.
"మూడో వాల్వు. దగ్గుతోంది."
కర్ర తియ్యకుండానే అనేవాడు, సగం మాట, సగం చొంగ.

గోడలో నీళ్ళ పైపు ఎక్కడ కారుతోందో
ఆ కర్రతోనే పట్టాడు.
(రెండోసారి. మొదటిసారి వంటింటి గోడకి
ఉత్తి పుణ్యానికి బొక్క పెట్టాం ఇద్దరం.)
నా మొగుడు గోడలు కొరుకుతున్నాడని
అమ్మ వీధంతా చెప్పుకుంది.

ఓ సాయంత్రం, చేతులు కిరోసిన్‌తో కడిగాక
కర్ర కొస నా గడ్డం ఎముకకి ఆనించి
రెండో కొస తను కొరికి
చదవమని సైగ చేశాడు.
ఏం చదవాలో తోచక ఎక్కం అందుకున్నాను.
ఏడేళ్ళు నలభై తొమ్మిది.
ఏడెనిమిదులు యాభై నాలుగు.
కర్ర తీశాడు.
"యాభై ఆరు."

ఇప్పుడు నాకు రొట్టెల వ్యాను ఉంది.
తెల్లారి నాలుగింటికి బేకరీ, ఏడింటికి ఆఖరి దుకాణం.
అది ఎలా కొన్నానో చెప్పాలి.
జిగులీ అమ్మి కొన్నాను.
అడిగాను నాన్నని. వాకిట్లో, గాలిలో,
ఆయన వీపు పక్కన నిలబడి అడిగాను.
తలూపాడు.
వినపడని మనిషి దేనికైనా తలూపుతాడు.
అది నాకు తెలుసు.
కర్ర షెడ్డులోనే ఉంది, పది అడుగుల దూరంలో.

మూడేళ్ళు ఆయన ఏమీ అనలేదు.
ఖాళీ షెడ్డు మాత్రం రోజూ ఊడ్చాడు.

నిన్న వ్యాను మూలిగింది.
రొట్టెలు చల్లారిపోతున్నాయి, నేను బూతులు తిడుతున్నాను.
ఆయన వచ్చాడు, అడక్కుండానే, కర్రతో.
పై పళ్ళు రెండు లేవు ఇప్పుడు,
పక్కకి తిప్పి కొరికాడు,
పాత గాట్ల పక్కన కొత్త చోటు వెతుక్కుని.
"డైనమో బేరింగ్."

ఇంజను ఆపాను.
కర్ర కొస పట్టుకుని, ఇంకా వెచ్చగా ఉంది,
నా దవడకి ఆనించుకున్నాను.
"ఆ రోజు నీకు వినపడలేదని
నాకు తెలుసు నాన్నా."

చాలాసేపు కొరికే ఉన్నాడు.
వినడం అయిపోయాక కూడా.
తర్వాత కర్రని చొక్కా చేతికి తుడిచి
బానెట్ కిందకి వంగాడు.

"లైటు పట్టుకో.
నా కళ్ళలో కాదు, నజెలీ."

బోల్టు ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు.
అయినా కాసేపు అలాగే పట్టుకున్నాను.